అమెరికాలో ఇచ్చే వివరాల పుస్తకం ఖమ్మంలో ఎందుకివ్వరు? ఫ్రాంచైజీ కాఫీ కంపెనీలకు ఒక బహిరంగ లేఖ

ఫ్రాంచైజీ పద్ధతిలో కాఫీ షాపులు నడిపిస్తూ, ఇప్పుడు విదేశాల్లోనూ బ్రాంచీలు తెరుస్తున్న కంపెనీల యాజమాన్యాలకు,
కేంద్ర వాణిజ్య శాఖకు, రెండు తెలుగు రాష్ట్రాల పరిశ్రమల శాఖలకు,

నమస్కారం.

మన కాఫీ షాపు పేరు సముద్రాలు దాటి వెలుగుతోందంటే సంతోషమే. ఆ మాట మనస్ఫూర్తిగానే అంటున్నాను. ఇక విషయానికొస్తాను.

ఖమ్మం వైరా రోడ్డులో 2022 దసరా నుంచి 2024 నవంబరు దాకా, 25 నెలలు, ఒక కాఫీ బ్రాండ్ ఫ్రాంచైజీ నడిపాను. ఆ కంపెనీ పేరు ఇక్కడ రాయను. రాస్తే ఇది నాకూ వాళ్లకూ మధ్య గొడవగా మిగిలిపోతుంది. కంపెనీకి మూడు రిజిస్టర్డ్ పోస్టులు, పదకొండు మెయిళ్లు పంపాను. పోస్టులు అందినట్టు రసీదులున్నాయి, జవాబు లేదు. మెయిల్ పంపిన ప్రతిసారీ ఒక టికెట్ నంబరు వచ్చేది. వారం తర్వాత ఇంకో మెయిల్: మీ సమస్య పరిష్కారమైంది, మా సేవకు రేటింగ్ ఇవ్వండి అని. మొన్న అదే కంపెనీ ఫేస్‌బుక్ పేజీలో "డాలస్‌లో అడుగుపెడుతున్నాం, ఫ్రాంచైజీ కావాలనుకునే ఎన్నారైలు సంప్రదించండి" అని ప్రకటన చూశాను. అందుకే ఈ లేఖ అందరి ముందూ రాస్తున్నాను.

ముందు నేను ఇందులోకి ఎలా దిగానో చెప్పాలి.

హైదరాబాద్‌లో ఒక హోటల్ మీటింగ్ హాలు. మాతోపాటు ఓ ముప్పై మంది ఉంటారు, ఎక్కువమంది జిల్లాల నుంచి వచ్చినవాళ్లే. స్క్రీన్ మీద మొదటి స్లయిడ్ స్టార్‌బక్స్. "వాళ్లు కూడా ఒక్క కొట్టుతోనే మొదలుపెట్టారండీ, ఇవాళ ప్రపంచమంతా ఉన్నారు" అన్నాడు టై కట్టుకున్న అబ్బాయి. ఆ తర్వాత మన లెక్క: రోజుకు 250 కప్పులు, 18 నెలల్లో పెట్టుబడి వెనక్కి. ఆ 250 ఏ ఊళ్లో, ఏ షాపులో, ఏ నెలలో అమ్మారని అడగాలన్న ఆలోచన నాకు రాలేదు. తప్పు నాదీ ఉంది, కాదనను. కానీ అడిగినా చెప్పాల్సిన బాధ్యత వాళ్లకు లేదన్న సంగతి తర్వాత తెలిసింది.

స్టార్‌బక్స్ పేరు వాళ్లే ఎత్తారు కాబట్టి ఆ కథ నేనూ చదివాను. సియాటెల్‌లో మొదటి కొట్టు 1971లో తెరిచారు. ఉత్తర అమెరికా దాటి టోక్యోలో తెరిచింది 1996లో. మధ్యలో పాతికేళ్లు. మీరు మూడో ఏటే దుబాయ్ బోర్డు పెడుతున్నారు. అంతకన్నా ముఖ్యమైన తేడా ఇంకొకటుంది. వాళ్లు అమెరికాలో నాలాంటి మామూలు మనిషికి ఒక్క షాపు ఫ్రాంచైజీ అమ్మరు. చాలా షాపులు సొంతంగా నడుపుతారు. బయటి దేశాలకు వెళ్లినప్పుడు చాలాచోట్ల నష్టాన్ని తట్టుకోగల పెద్ద సంస్థతోనే చెయ్యి కలుపుతారు: మధ్యప్రాచ్యంలో అల్‌షాయా, మెక్సికోలో అల్సియా, మన దేశంలో 2012లో సగం సగం వాటాతో టాటాలు. ఇక్కడ 2022-23లో టాటా స్టార్‌బక్స్ అమ్మకాలు వెయ్యి కోట్లు దాటాయి. అయినా ఆ ఏడూ నష్టమే, ఆ తర్వాతి ఏడూ నష్టమే. టాటాలు భరిస్తారు. మా నాన్న రిటైర్మెంట్ డబ్బు ఎన్నాళ్లు భరిస్తుంది?

ఆస్ట్రేలియా సంగతి ఆ హాల్లో ఎవరూ ఎత్తలేదు. 2000లో సిడ్నీలో మొదలుపెట్టి, ఎనిమిదేళ్లలో 84 షాపులు తెరిచి, 2008లో ఒక్క దెబ్బకు 61 మూసేశారు. ఇటలీ, గ్రీసుల నుంచి వలస వెళ్లినవాళ్లు అక్కడి జనానికి ఎప్పుడో మంచి ఎస్‌ప్రెసో అలవాటు చేశారు. వీధి మొదట్లో ఉన్న తెలిసినాయన కొట్టు వదిలి, ఎక్కువ డబ్బు పెట్టి తియ్యటి కాఫీ తాగడానికి ఎందుకొస్తారు? వైరా రోడ్డులోనూ అదే జరిగింది. నా షాపుకు నాలుగు గుమ్మాల అవతల ఇత్తడి ఫిల్టర్ పెట్టుకుని ఒకాయన గ్లాసు కాఫీ 15 రూపాయలకు ఇస్తాడు. పొద్దున ఆరుకే డికాషన్ వాసన రోడ్డు దాకా వచ్చేది. నా దగ్గర హాజెల్‌నట్ కాపుచినో 129. నిజం చెప్పాలంటే, షాపు తెరవకముందు నేనూ ఆయన దగ్గరే తాగేవాణ్ణి. తెరిచాక సిగ్గుపడి మానేశాను.

అదే 2008లో స్టార్‌బక్స్ అమెరికాలోనే 600 షాపులు మూస్తున్నామని ప్రకటించింది. వాటిలో చాలా భాగం అంతకుముందు రెండు మూడేళ్లలో హడావుడిగా తెరిచినవే. మన కెఫె కాఫీ డే కూడా వియన్నా, ప్రాగ్ నగరాల దాకా వెళ్లింది. ఇక్కడ 2019 నాటికి 17 వందలకు పైగా ఉన్న కెఫెలు రెండేళ్లలో ఆరు వందల లోపుకు పడిపోయాయి. అంటే షాపులు తెరవడం, మూయడం ఈ వ్యాపారంలో ఎవరికైనా తప్పదు. ఆ రెండు కంపెనీలూ మూసినప్పుడు నష్టం ఎక్కువగా కంపెనీ పుస్తకాల్లో పడింది. మీ పద్ధతిలో షాపు తెరిచినప్పుడు ఫీజు మీకొస్తుంది, మూసినప్పుడు నష్టం మాకొస్తుంది. అందుకే మీకు తెరవడంలో ఉన్న తొందర, నడపడంలో ఉండదు.

నా లెక్క కూడా చెబుతాను, దాచడానికేమీ లేదు. ఫ్రాంచైజీ ఫీజు 4,00,000, దాని మీద జీఎస్టీ 72,000. డిపాజిట్ 1,00,000. ఇంటీరియర్ కంపెనీ చెప్పినవాళ్లతోనే చేయించాలి, 5,20,000. మెషీన్లు, ఫ్రిజ్, మిగతా సామాను 3,10,000. షాపు అడ్వాన్సు ఆరు నెలల అద్దె, 2,28,000. మొత్తం 16,30,000. బ్యాంకు లోను 8 లక్షలు, మా ఆవిడ బంగారం రెండున్నర లక్షలు, మిగిలింది నాన్నది.

రోజుకు 250 కప్పులన్నారు. నాకు మంచి రోజున 90. నెలకు అమ్మకం సుమారు 1,80,000. అందులో సరుకు 70,000, జీతాలు 42,000, అద్దె 38,000, కరెంటు 11,000, రాయల్టీ (అమ్మకంలో కంపెనీకి నెలనెలా కట్టే వాటా) పన్నుతో కలిపి 12,744. ఇక మిగిలేది ఆరు వేల చిల్లర. అందులోంచే జీఎస్టీ కట్టాలి, బ్యాంకు వాయిదా 17,400 కట్టాలి. ఎలా కట్టానో అడగకండి.

ఇప్పుడు అసలు విషయం.

మా బావమరిది టెక్సాస్‌లో ఉంటాడు. నా షాపు మూసిన కొన్నాళ్లకు, అక్కడ వేరే కాఫీ కంపెనీ ఫ్రాంచైజీ తీసుకుందామా అని వాడు విచారించాడు. ఒకరోజు రాత్రి ఫోన్ చేశాడు.

"బావా, రెండు వందల పైచిలుకు పేజీల పుస్తకం పంపారు. ఇందులో మూసేసినవాళ్ల ఫోన్ నంబర్లు కూడా ఉన్నాయి."

"మూసేసినవాళ్లవా?"

"అవును బావా. ఇవ్వాల్సిందేనట, ఇక్కడ రూలు."

వాడు ఆరుగురికి ఫోన్ చేశాడు. నలుగురు ఎత్తారు. ఆ నలుగురూ చెప్పింది విని వాడు ఆగిపోయాడు. ఆ పుస్తకం నాకు వాట్సాప్‌లో పంపాడు. ఆ రాత్రి కూర్చుని చదివాను. నేను సంతకం పెట్టింది వంద రూపాయల స్టాంపు పేపరు మీద, పదకొండు పేజీలు. మీటింగ్ అయిన సాయంత్రమే "ఇవాళ బుక్ చేసుకుంటే యాభై వేలు డిస్కౌంట్" అంటే పెట్టేశాను.

ఆ పుస్తకం ఏ కంపెనీ అయినా దయతలచి ఇచ్చేది కాదు. అమెరికాలో వ్యాపార మోసాల మీద కన్నేసి ఉంచే ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్. దాని నిబంధన 1979 నుంచి అమల్లో ఉంది, 2007లో దాన్ని సవరించారు. ఫ్రాంచైజీ అమ్మే ఏ కంపెనీ అయినా 23 అంశాలతో వివరాల పత్రం, సంతకానికీ డబ్బు కట్టడానికీ కనీసం 14 రోజుల ముందు చేతికివ్వాలి. కంపెనీ మీద ఉన్న కేసులు, దివాలా చరిత్ర, మొదట కట్టేవీ తర్వాత కట్టేవీ అన్ని రుసుములు, నీ ఏరియాలో ఇంకో షాపు పెట్టే హక్కు కంపెనీకి ఉందా లేదా, ఆడిట్ అయిన ఖాతాలు, అన్నీ ఉంటాయి. ఇరవయ్యో అంశంలో గత మూడేళ్లలో ఎన్ని షాపులు తెరిచారు, ఎన్ని మూశారు, ఎన్ని చేతులు మారాయి అని పట్టిక, దానితోపాటు గత ఏడాది వదిలేసి వెళ్లినవాళ్ల పేర్లు, నంబర్లు. పందొమ్మిదో అంశం ఆదాయం గురించి. ఇంత వస్తుంది అని చెప్పమని బలవంతం లేదు, కానీ చెబితే దానికి ఆధారం ఉండాలి, అది ఆ పుస్తకంలోనే రాయాలి. చివరి అంశం రసీదు: పుస్తకం ఏ తేదీన అందిందో కొన్నవాడు సంతకం చేసే కాగితం. ఆ పుస్తకంలో రాసిన ప్రతి మాటా నిజమేనని ఫెడరల్ ప్రభుత్వం ముందుగా తనిఖీ చేయదు, అదీ చెప్పాలి. కానీ అబద్ధం రాస్తే అది కాగితం మీద ఉంటుంది. నాకు చెప్పిన 250 కప్పులు ఒక స్లయిడ్ మీద మెరిసి, నా ఫోన్‌లో ఒక ఫొటోగా మాత్రం మిగిలాయి.

మన దేశంలో ఫ్రాంచైజీకంటూ ప్రత్యేక చట్టం లేదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టమే దిక్కు. చైనాలో 2007 నుంచి ఉన్న నిబంధన ప్రకారం, కనీసం రెండు షాపులు సొంతంగా ఏడాదికి పైగా నడిపిన కంపెనీయే ఫ్రాంచైజీ ఇవ్వాలి, 30 రోజుల ముందు వివరాలు చెప్పాలి. ఆస్ట్రేలియాలో సంతకం చేశాక కూడా 14 రోజుల్లో మనసు మార్చుకోవచ్చు. అంటే డాలస్ వెళ్తే మీరు 23 అంశాల పుస్తకం అచ్చు వేస్తారు, వేయక తప్పదు. ఖమ్మంలో మాత్రం రంగుల బ్రోచరు చాలు.

దీనివల్ల మామూలు మనుషులకు ఏం జరుగుతోందో నేను చూసినంత వరకు రాస్తున్నాను.

1. మునిగేది రిటైర్మెంట్ డబ్బు, పుస్తెలతాడు. ఆ హాల్లో నా పక్కన కూర్చున్నాయన పొలం అమ్మిన డబ్బుతో వచ్చాడు. కొడుకు బీటెక్ చేసి ఖాళీగా ఉన్నాడట. మీ ఫ్రాంచైజీ కొనేవాళ్లలో పెట్టుబడిదారులు తక్కువ, ఉద్యోగం కొనుక్కుంటున్నాం అనుకునేవాళ్లు ఎక్కువ.

2. ఒకే ఊళ్లో ఇద్దరిని దింపి ఇద్దరినీ ముంచుతున్నారు. 2023 డిసెంబరులో, నేను తెరిచిన 14 నెలలకు, నా షాపుకు ముప్పావు కిలోమీటరు దూరంలో అదే బ్రాండ్ ఇంకో షాపు వెలిసింది. నా ఒప్పందంలో "పరిధి కంపెనీ నిర్ణయం మేరకు" అని ఉంది. కోపంతో ఆ షాపుకు వెళ్లాను. నడిపేది ఒక టీచరమ్మ, వీఆర్‌ఎస్ తీసుకుని వచ్చారు. నన్ను కూర్చోబెట్టి కాఫీ ఇచ్చారు. ఇద్దరం ఫోన్లు తీసి, మీటింగ్‌లో తీసుకున్న ఫొటోలు పక్కపక్కన పెట్టి చూశాం. ఆవిడకు చూపించిన స్లయిడ్‌లోనూ అవే 250 కప్పులు. ఖమ్మంలో అప్పటికే ఒక షాపు ఉందని, అక్కడ 90 కూడా పోవడం లేదని ఆవిడకు ఎవరూ చెప్పలేదు. అప్పటికే 14 నెలలుగా నా ప్రతి రోజు అమ్మకం కంపెనీ సాఫ్ట్‌వేర్‌లో నమోదవుతోంది. వాళ్లకు తెలియదనడానికి లేదు.

3. రాయల్టీ మీద పన్ను మా నెత్తినే పడుతోంది. దీని గురించి ఎవరూ మాట్లాడరు కాబట్టి కొంచెం వివరంగా చెప్పాలి. మా అమ్మకం మీద జీఎస్టీ 5 శాతం, కానీ మేం కొన్నవాటి మీద కట్టిన పన్ను వెనక్కి రాదు. కంపెనీ వసూలు చేసే ఫీజు, రాయల్టీల మీద 18 శాతం. 1,80,000 అమ్మకానికి 6 శాతం రాయల్టీ 10,800, దాని మీద 1,944 పన్ను. ఈ 1,944 నాకు శుద్ధ నష్టం. 4 లక్షల ఫీజు మీద కట్టిన 72,000 కూడా అంతే. "జీఎస్టీ అంతా ఇన్‌పుట్‌లో వచ్చేస్తుందండీ" అని, అంటే కట్టిన పన్నంతా వెనక్కి వస్తుందని, మీటింగ్‌లో చెప్పారు. మా ఆడిటర్ విని నవ్వాడు.

4. జీతగాళ్లు. నా దగ్గర ముగ్గురు పిల్లలు చేసేవాళ్లు, ఒకడు కొత్తగూడెం దగ్గర పల్లె నుంచి వచ్చి షాపు వెనక గదిలోనే ఉండేవాడు. వాళ్ల చివరి నెల జీతం నేను రెండు విడతలుగా ఇచ్చాను. పాలాయనకు ఇంకా కొంత బాకీ.

5. బయటికి రావడానికీ కప్పం కట్టాలి. షాపు అద్దె ఒప్పందం మూడేళ్లకు, మధ్యలో వదిలితే అడ్వాన్సు పోతుంది. నాకు 11 నెలలు మిగిలి ఉన్నాయి, 2,28,000 పోయింది. మెషీన్ మీద బ్రాండ్ బొమ్మ చెక్కి ఉంది కాబట్టి బయట ఎవరూ కొనరు, కంపెనీ వెనక్కి తీసుకోదు. మూడో వంతు ధరకు సామానులవాడికి ఇచ్చేశాను. కోర్టుకు పోదామంటే, వివాదాలన్నీ కంపెనీ నియమించే ఆర్బిట్రేటర్ (కోర్టు బయట తీర్పు చెప్పే మధ్యవర్తి) ముందే అని ఒప్పందంలో రాసుంది. తగాదాలో ఉన్నవాడే ఏకైక ఆర్బిట్రేటర్‌ను నియమించడం కుదరదని సుప్రీంకోర్టు 2019లోనే చెప్పింది. ఆ వాక్యం మాత్రం ఇవాళ్టికీ మీ ఒప్పందాల్లో అచ్చవుతూనే ఉంది.

చైనాలో లకిన్ అనే కాఫీ కంపెనీ ఉంది. షాపుల సంఖ్యలో ఇప్పుడు అక్కడ స్టార్‌బక్స్‌ను దాటేసింది. 2020లో దాని అమ్మకాల్లో సుమారు 220 కోట్ల యువాన్లు దొంగ లెక్కలని బయటపడింది. అమెరికా షేర్ మార్కెట్ నాస్‌డాక్ నుంచి పేరు తీసేశారు, అమెరికా నియంత్రణ సంస్థ 18 కోట్ల డాలర్ల జరిమానా వేసింది. షేరు కొన్నవాడికి తప్పుడు లెక్క చెబితే అడగడానికి ఒక వ్యవస్థ ఉంది. మరి షాపు కొన్నవాడికి చెబితే?

మా డిమాండ్లు ఇవి.

ఒకటి. విదేశాల్లో ఇచ్చే వివరాల పత్రం లాంటిదే ఇక్కడా ఇవ్వండి, తెలుగులో, డబ్బు తీసుకోవడానికి 14 రోజుల ముందు. మూతపడిన షాపుల జాబితా, నడిపినవాళ్ల అనుమతితో వాళ్ల ఫోన్ నంబర్లు అందులో ఉండాలి. నా నంబరు నిరభ్యంతరంగా వేసుకోండి. చట్టం వచ్చేదాకా ఆగనక్కర్లేదు, అచ్చు వేయడానికి మీకు ఎవరి పర్మిషనూ అక్కర్లేదు.

రెండు. కప్పుల లెక్క చెప్పాలనుకుంటే ఏ షాపు, ఏ నెలలు అన్నది రాతపూర్వకంగా చెప్పండి. లేదా చెప్పకండి.

మూడు. పరిధిని కిలోమీటర్లలో రాయండి.

నాలుగు. జిల్లా కేంద్రాల్లో ఫ్రాంచైజీ అమ్మే ముందు, అలాంటి ఊళ్లోనే రెండు షాపులు మీ డబ్బుతో ఏడాది నడిపి చూపించండి. జూబ్లీహిల్స్ షాపు లెక్కలు వైరా రోడ్డుకు పనికిరావు.

అయిదు. కేంద్ర వాణిజ్య శాఖ ఫ్రాంచైజీలకు ప్రత్యేక చట్టం తేవాలి. అందాకా రెండు రాష్ట్ర ప్రభుత్వాలు ఒక పని బ్యాంకులతో మాట్లాడి చేయించవచ్చు. ఫ్రాంచైజీ షాపుకు లోను అడిగినప్పుడు, కంపెనీ నుంచి గత మూడేళ్లలో మూసిన షాపుల పట్టిక తెమ్మని అడగాలి. నా 8 లక్షల లోను ఇచ్చేటప్పుడు మేనేజరు గారు నా ఇంటి పన్ను రసీదు అడిగారు, పాన్ కార్డు అడిగారు, రెండు ఫొటోలు అడిగారు. ఆ పట్టిక అడిగి ఉంటే ఇద్దరం బాగుపడేవాళ్లం.

ఆరోది నా సొంతం. ఒప్పందం ప్రకారం షాపు మూసిన 60 రోజుల్లో డిపాజిట్ లక్ష రూపాయలు తిరిగి ఇవ్వాలి. ఏడాది దాటింది. ఖాతా నంబరు మళ్లీ పంపమని ఈసారి మెయిల్ పెట్టకండి, అది మీ దగ్గరే ఉంది. 25 నెలలు ప్రతి ఐదో తారీఖున రాయల్టీ ఆ ఖాతాలోంచే ఆటో డెబిట్ అయ్యేది.

ఇట్లు,
ఒక మాజీ ఫ్రాంచైజీదారు,
ఖమ్మం